బంగారు గనుల పెద్దమనుషుల సంఘం

కాసు బంగారం కొనేటప్పుడు ఆరోజు ధర చూస్తాం. తరుగు ఎంత, మజూరీ ఎంత అని బేరమాడతాం. ఆ కాసు వెనక ఎంత రాయి ఉంటుందో ఎప్పుడైనా లెక్కేశారా? శతాబ్దం క్రితం దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో టన్ను రాయిని పిండి కొడితే దొరికింది అటూ ఇటుగా పది గ్రాములు. మన కాసు ఎనిమిది గ్రాములు. అంటే ఒక్క కాసు కోసం దాదాపు టన్ను రాయిని భూమి పొట్టలోంచి పైకి తేవాలన్నమాట. ఆ రాయిని కొట్టేవాడికి రోజుకెంత కూలి? ఆ లెక్క తేల్చింది ప్రభుత్వం కాదు, బజారూ కాదు... గనుల యజమానులు కలిసి పెట్టుకున్న ఓ సంఘం!

ఛాంబర్ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫిలిం ఛాంబరే. సమ్మె వచ్చినా, థియేటర్ల పంచాయితీ వచ్చినా అక్కడే తెగాలి. ఊళ్లలో రైస్‌మిల్లర్ల సంఘం, పట్నంలో ఛాంబర్ ఆఫ్ కామర్స్... ఇలాంటివి మనకు కొత్తకాదు. బయటికి ఒకరితో ఒకరు పోటీపడుతున్నట్టే కనిపిస్తారు, లోపల ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. జోహానెస్‌బర్గ్‌లో 1889లో పూర్తిస్థాయిలో స్థిరపడిన గనుల ఛాంబర్ ఈ విద్యలో అందరికీ తాత. ఒక దేశం చట్టాలను, కోటిమంది బతుకులను, పక్క దేశాల ఖజానాలను కూడా ప్రభావితం చేసిన వ్యాపార సంఘం మరొకటి చెప్పమంటే కష్టమే. ఇప్పుడు దాని పేరు మినరల్స్ కౌన్సిల్ సౌతాఫ్రికా. 2018లో పేరు మార్చుకుంది. దక్షిణాఫ్రికాలో తవ్వే ఖనిజాల విలువలో దాదాపు 90 శాతం దాని సభ్యులదే.

పది పౌన్లకు పోయిన గని

1886లో లాంగ్‌లాఖ్టె అనే పొలంలో బంగారం ఉన్న రాతి పొర బయటపడింది. దాన్ని కనిపెట్టిన జార్జ్ హారిసన్ తనకు దక్కిన తవ్వకం హక్కును పది పౌన్లకు అమ్మేసి వెళ్లిపోయాడని చెబుతారు. ఆ ఏడాదే గుడారాలు లేచాయి, ఊరు పుట్టింది. అదే జోహానెస్‌బర్గ్. ఆ నేల నుంచి ఇప్పటిదాకా వచ్చిన బంగారం ప్రపంచం మొత్తం తవ్వుకున్న దాంట్లో కనీసం నాలుగోవంతు ఉంటుందంటారు.

కాలిఫోర్నియాలోనో ఆస్ట్రేలియాలోనో మాదిరి ఏట్లో ఇసుక జల్లెడపట్టి ధనవంతుడైపోయే బంగారం కాదది. గులకరాళ్లు అతుక్కుపోయినట్టుండే పలుచని రాతి పొర, కంటికి కనిపించనంత సన్నగా కలిసిన బంగారం. పొర ఏటవాలుగా కిందికి దిగిపోతూనే ఉంటుంది. కిలోమీటరు, రెండు, మూడు... ఇప్పుడు ఎంపొనెంగ్ గనిలో నాలుగు కిలోమీటర్ల దాకా వెళ్లారు. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైనుంచి మంచు కలిపిన చల్లటి నీళ్లు పంపితే తప్ప మనిషి నిలబడలేడు. మన పక్కనున్న కోలారు గనులూ మూడు కిలోమీటర్లకు పైగానే దిగి, 2001లో మూతపడ్డాయి. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి అక్కడ బతికిన కుటుంబాలకు ఈ లోతు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంత లోతుకు వెళ్లాలంటే పలుగూ పారా చాలవు. యంత్రాలు కావాలి, లండన్ నుంచి పెట్టుబడి రావాలి. ఏడాది తిరక్కుండానే చిన్నవాళ్లు తప్పుకున్నారు, కొద్దిమంది పెద్దలు మిగిలారు. 1887లోనే ఛాంబర్ పేరుతో ఓ ప్రయత్నం జరిగింది. రెండేళ్లకు దాన్ని కొత్తగా నిలబెట్టారు. తొలి అధ్యక్షుడు హెర్మన్ ఎక్‌స్టీన్.

పోటీ ఎక్కడుందంటే...

ఇక్కడో చిత్రమైన సంగతి ఉంది. అది అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే.

బియ్యం మిల్లు వాళ్లిద్దరు ఒకే బజార్లో ఉంటే ఒకడు ధర తగ్గిస్తే రెండోవాడికి నష్టం. బంగారానికి ఆ బాధ లేదు. అప్పట్లో ఔన్సు ధర దాదాపు 85 షిల్లింగులని కట్టేసి ఉండేది. ఎంత తెచ్చినా బ్యాంకులు కొనేవి. పక్క గనివాడు ఎక్కువ తవ్వాడని మన బంగారం ధర పడిపోదు. కాబట్టి రాండ్ గనుల ఇంజినీర్లు తమ లెక్కలనూ పద్ధతులనూ ఒకరికొకరు చూపించుకోవడానికి వెనకాడలేదు. ఏ గనిలో ఎంత లోతున ఎంత ఖర్చయిందో ఛాంబర్ ప్రతినెలా వివరాలు అచ్చువేసేది. రహస్యాలు దాచుకునే వ్యాపార లోకంలో ఇది అరుదైన విషయమే.

ధర పెంచుకునే వీల్లేదు. రాయిలో బంగారం తక్కువ. లోతు పెరిగేకొద్దీ ఖర్చు ఎక్కువ. లాభం కావాలంటే ఖర్చు తగ్గించడం ఒక్కటే దారి. కొంత లోతు దాటాక రాయి స్వభావం మారి పాదరసంతో బంగారం పట్టుబడని పరిస్థితి వచ్చింది. స్కాట్లాండ్‌లో కనిపెట్టిన సయనైడ్ పద్ధతి గనులను నిలబెట్టింది. అయితే దాని పేటెంటుదారుకు రాయల్టీ కట్టాల్సొచ్చేది. ఒక్కో కంపెనీ విడిగా కోర్టుకెక్కే బదులు ఛాంబరే పోరాడింది. 1896లో ఆ పేటెంటు చెల్లదని తీర్పు తెచ్చుకుంది. పేలుడు మందు అమ్మకాన్ని క్రూగర్ ప్రభుత్వం ఒకరికే కట్టబెట్టిందని గొడవ, రైలు కిరాయి ఎక్కువని గొడవ. 1895 చివర్లో ఆ ప్రభుత్వాన్నే కూలదోయాలని జరిగిన జేమ్‌సన్ దాడి కుట్రలో ఛాంబర్ అధ్యక్షుడు లయొనెల్ ఫిలిప్స్ కూడా పట్టుబడ్డాడు. మరణశిక్ష వేసి, తర్వాత 25,000 పౌన్ల జరిమానాతో వదిలేశారు. వినతిపత్రాలతో మొదలైన సంఘం ఆరేడేళ్లలో ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి!

పేటెంటు, పేలుడు మందు, రైలు కిరాయి... ఇవన్నీ ఒక ఎత్తు. అసలు ఖర్చు కూలీలది. గనుల మధ్య నిజమైన పోటీ అంతా అక్కడే. ఒక గని రెండు పెన్నీలు ఎక్కువిస్తే కూలీలు అటే వెళ్లిపోతారు, పక్కవాడూ పెంచక తప్పదు. ఆ పోటీని చంపడమే ఛాంబర్ చేసిన అతిపెద్ద పని.

ఊరూరా ‘వెనేలా’

1896లో కూలీలను సమీకరించడానికి ఛాంబర్ ఒక సంస్థ పెట్టింది. 1900లో దాని స్థానంలో విట్‌వాటర్స్‌రాండ్ నేటివ్ లేబర్ అసోసియేషన్ వచ్చింది. ఇంగ్లీషు పొట్టి అక్షరాలను ఆఫ్రికన్లు తమ నోటికి అనువుగా ‘వెనేలా’ చేసుకున్నారు. మొజాంబిక్ వంటి పరాయి ప్రాంతాల నుంచి మనుషులను తెచ్చేది ఇదే. దేశంలోపలి జిల్లాలకు, బసుటోలాండ్ (ఇప్పటి లెసోతో) లాంటి చోట్లకు 1912లో మరో సంస్థ పుట్టింది. దాని పేరు నేటివ్ రిక్రూటింగ్ కార్పొరేషన్. ఏ గనీ సొంతంగా కూలీలను వెతుక్కోకూడదు. అందరికీ కలిపి సంఘమే తెస్తుంది, అందరికీ పంచుతుంది.

1897లో సభ్యులంతా కలిసి నల్లజాతి కూలీల వేతనాన్ని ఒక్కదెబ్బకు దాదాపు మూడోవంతు తగ్గించారు. తర్వాత్తర్వాత ‘గరిష్ఠ సగటు’ అనే పద్ధతి తెచ్చారు. గనిలోని నల్లజాతి కార్మికుల సగటు కూలి ఇంతకు మించకూడదని గీత గీసి, దాటిన కంపెనీకి జరిమానా వేసేవాళ్లు. కనీస వేతనం గురించి మనం విన్నాం. గరిష్ఠ వేతనం కోసం యజమానులే చట్టం రాసుకున్న చోటు ఇది.

మరి తక్కువ కూలికి మనిషి ఎందుకొస్తాడు? రాక తప్పని పరిస్థితి కల్పిస్తే వస్తాడు. గుడిసె పన్ను డబ్బు రూపంలోనే కట్టాలన్నారు. చేతిలో పాసు లేనిదే గనుల ప్రాంతంలో తిరగకూడదన్నారు. 1895లో ట్రాన్స్‌వాల్ శాసనసభ ఆమోదించిన పాసు చట్టం ముసాయిదా ఛాంబర్‌లోనే తయారైంది. 1913 భూమి చట్టం నల్లజాతివాళ్లు భూమి కొనుక్కునే దారి మూసేసింది. పొలం సాగక, పన్ను తప్పక మగవాళ్లు ఏడాదో ఏడాదిన్నరో ఒప్పందం మీద వేలిముద్ర వేసి రైలెక్కేవాళ్లు. భార్యాబిడ్డలను తీసుకెళ్లడానికి లేదు. గని పక్కనే ప్రహరీ కట్టిన ‘కాంపౌండు’లో ఒక్కో గదిలో పదులమంది. కుటుంబం ఊళ్లో పండించుకు తింటుంది కాబట్టి కూలి ఒక్కడి తిండికి సరిపోతే చాలునన్నది యాజమాన్యాల వాదన. ముంబయికో దుబాయికో వెళ్లిన పాలమూరు, కరీంనగర్ ఇళ్లలో ఆ ఖాళీ ఎలా ఉంటుందో తెలుసు. అక్కడ మూడు నాలుగు తరాలు అలాగే గడిచాయి.

ఎన్ని భాషలవాళ్లు! జులూ, షోసా, సోతో, త్సోంగా, మలావీ... భూమి కింద అందరికీ అర్థమయ్యేలా ‘ఫనగలో’ అనే కలగాపులగం భాష వాడేవాళ్లు. ‘పట్టు, ఎత్తు, తొయ్యి, జాగ్రత్త’ అని చెప్పడానికి పనికొచ్చే భాషేగానీ, ఎదురు చెప్పడానికి అందులో మాటలు తక్కువ.

బోయర్ యుద్ధం ముగిశాక ఆఫ్రికన్లు తక్కువ కూలికి తిరిగి రాలేదు. అప్పుడు ఛాంబర్ కూలి పెంచలేదు. 1904 నుంచి చైనాకు ఓడలు పంపింది! అరవై మూడు వేలమందికి పైగా చైనా కూలీలు వచ్చారు. వాళ్లను కాంపౌండ్లలో ఉంచిన తీరు మీద బ్రిటన్లో పెద్ద దుమారం రేగి, 1906 ఎన్నికల్లో అధికార పార్టీకి ఎదురుగాలైంది. 1910 కల్లా వాళ్లందరినీ వెనక్కి పంపేశారు.

మొజాంబిక్‌తో ఒప్పందం ఇంకా విచిత్రం. 1928 నుంచి అక్కడి కూలీల వేతనంలో కొంత భాగాన్ని ఆపి, ఇంటికి తిరిగి వెళ్లాకే ఇచ్చేవాళ్లు. ఆ సొమ్మును పాలకులైన పోర్చుగీసు ప్రభుత్వం బంగారంగా, అధికారిక ధరకు తీసుకుంది. కూలీకి మాత్రం స్థానిక కరెన్సీ. బజార్లో బంగారం ధర పెరిగాక ఆ తేడా అంతా లిస్బన్ ఖజానాకే లాభం. చెమట ఒకరిది, బంగారం ఇంకొకరిది.

ఇంత చేస్తే ఫలితం? ఫ్రాన్సిస్ విల్సన్ అనే ఆర్థికవేత్త 1911 నుంచి 1969 దాకా వేతనాల లెక్కలన్నీ తీసి 1972లో పుస్తకం అచ్చువేశాడు. ధరల పెరుగుదల తీసేసి చూస్తే 1969లో నల్లజాతి గని కార్మికుడి డబ్బు వేతనం 1911లో కన్నా ఎక్కువేం కాదు, కాస్త తక్కువే కావచ్చునని అందులో తేలింది. అరవై ఏళ్లు! అదే గనిలో తెల్లవాడి జీతం అప్పటికి అతని కూలికి 20 రెట్లు. ఈ లెక్కలు వ్యతిరేకులు ఊహించుకున్నవి కావు. చాలామటుకు ఛాంబర్ తానే ఏటా అచ్చువేసిన నివేదికల్లోనివే.

మూడు సమ్మెలు

1922లో తిరగబడింది తెల్లవాళ్లు. బంగారం ధర పడిపోవడంతో కొన్ని పనుల్లో ఖరీదైన తెల్ల కార్మికుల బదులు చవకైన నల్లవాళ్లను పెడతామని ఛాంబర్ ప్రకటించింది. సమ్మె తిరుగుబాటైంది. ప్రధాని స్మట్స్ సైన్యాన్ని దింపాడు, విమానాలతో బాంబులు వేయించాడు. సుమారు 200 మంది చనిపోయారు. ఛాంబర్ గెలిచింది. కానీ రెండేళ్లకే స్మట్స్ ఎన్నికల్లో ఓడిపోయాడు. తెల్లవాళ్లకే కొన్ని ఉద్యోగాలు అన్న వర్ణ నిబంధన చట్టం మరింత గట్టిగా వచ్చింది. ఛాంబర్ వర్ణ వివక్షను వ్యతిరేకించిందా, పోషించిందా అంటే సూటి జవాబు దొరక్కపోవడానికి ఇదొక కారణం. జాతి గీత తమ ఖర్చు పెంచిన చోట వ్యతిరేకించింది, తగ్గించిన చోట వాడుకుంది.

1946 ఆగస్టులో సమ్మె చేసింది నల్లవాళ్లు. అరవై వేలకు పైగా కార్మికులు పని మానేశారు. అడిగింది రోజుకు పది షిల్లింగులు. అసలు వాళ్లకో సంఘం ఉందని ఒప్పుకోవడానికే ఛాంబర్ సిద్ధపడలేదు. ఆ సంఘం రాసిన ఉత్తరాలకు జవాబివ్వకూడదన్నది అప్పటి పద్ధతి! పోలీసులు గనుల్లో దిగి కార్మికులను పనిలోకి తరిమారు. కనీసం 9 మంది మరణించారు. వెయ్యిమందికి పైగా గాయపడ్డారు.

మూడోదానికి ముందు రెండు సంగతులు జరిగాయి. 1971 తర్వాత బంగారం ధరకు కళ్లెం ఊడింది. 1974లో కూలీలను తీసుకెళ్తున్న వెనేలా విమానం బోట్సువానాలో కూలి 78 మంది చనిపోయారు. మలావీ అధ్యక్షుడు బండా తన దేశం నుంచి కూలీలను పంపడం ఆపేశాడు. మరుసటేడాది మొజాంబిక్ స్వతంత్రమైంది. బయటి కూలీల మీద భరోసా పోయింది. ఇక దేశంలోపలివాళ్లే రావాలి, వాళ్లు ఆ కూలికి రారు. ఆరు దశాబ్దాలు కదలని వేతనం నాలుగైదేళ్లలో కొన్ని రెట్లు పెరిగింది! పెంచితే గనులు మూతపడతాయన్న పాతవాదన ఏమైందో మరి.

1982లో నేషనల్ యూనియన్ ఆఫ్ మైన్‌వర్కర్స్ పుట్టింది. ప్రధాన కార్యదర్శి ముప్పయ్యేళ్ల లాయరు, సిరిల్ రామఫోసా. మరుసటేడాదే ఛాంబర్ ఆ సంఘాన్ని గుర్తించింది. 1946లో ఉత్తరం విప్పనివాళ్లు ఇప్పుడు కుర్చీ వేశారు. 1987 ఆగస్టు 9న మొదలైన సమ్మెలో సుమారు మూడు లక్షలమంది పాల్గొన్నారు. మూడు వారాలు సాగింది. దాదాపు 50 వేలమందిని కంపెనీలు తీసేశాయి. అడిగిన వేతన పెంపు రాకుండానే యూనియన్ వెనక్కి తగ్గింది. అయినా అంత పెద్ద సంఘాన్ని తుడిచేయడం కుదరదని యజమానులకు, వాళ్లతో తెగేదాకా లాగడం కుదరదని యూనియన్‌కు తెలిసింది. ఆ బేరాలాడిన రామఫోసానే తర్వాత దేశ రాజ్యాంగ రచనలో ముఖ్యపాత్ర పోషించాడు, 2018లో దేశాధ్యక్షుడయ్యాడు.

గాంధీజీతో గని యజమానుల భేటీ

దక్షిణాఫ్రికా గనుల కథలో మనవాళ్లూ ఉన్నారు. అయితే బంగారు గనుల్లో కాదు, నేటాల్ బొగ్గు గనుల్లో. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో మొదలై తమిళులు, తెలుగువాళ్లు వేలాదిగా ఒప్పంద కూలీలుగా వెళ్లారు. ఎక్కువమంది చెరకు తోటలకు, కొందరు న్యూకాజిల్, డండీ ప్రాంతాల గనులకు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండాలంటే ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. 1913 అక్టోబరులో ఆ పన్నుకు వ్యతిరేకంగా గని కార్మికులు పని మానేశారు. బొగ్గు గనుల యజమానులు గాంధీజీని డర్బన్‌కు పిలిపించి మాట్లాడారు. గొడవ ప్రభుత్వంతోగానీ మీతో కాదు, పన్ను తీసేయమని మీరూ అడగండి అన్నది ఆయన మాట. సయోధ్య కుదరలేదు. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలతో ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడక మొదలైంది. 1914లో పన్ను రద్దయింది. డర్బన్ చుట్టుపక్కల నాయుడూలు, రెడ్డీలు ఇప్పటికీ కనిపిస్తారు. అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నాటిది.

రెండో ముఖం

ఛాంబర్ అంటే ఇదొక్కటేనా అంటే, కాదు. అలా రాస్తే అన్యాయమే. సభ్యులందరి బంగారాన్ని శుద్ధి చేయడానికి 1920లో జెర్మిస్టన్‌లో రాండ్ రిఫైనరీ పెట్టింది. అంతకుముందు ముడి బంగారం లండన్ వెళ్లి శుద్ధి కావాల్సి వచ్చేది. 1967లో వచ్చిన క్రూగెరాండ్ నాణేన్ని ప్రపంచమంతా అమ్మింది ఛాంబర్ ప్రచారమే. సరిగ్గా ఒక ఔన్సు స్వచ్ఛమైన బంగారం ఉండే నాణెం అది. మామూలు సంసారులు బంగారాన్ని నాణెంగా దాచుకోవచ్చని పాశ్చాత్య దేశాలకు నేర్పింది. మనకు ఎవరూ నేర్పక్కర్లేదనుకోండి.

ప్రమాదాల్లో ఆదుకునే రెస్క్యూ స్టేషన్లు, గనిలో వేడిని తగ్గించే మార్గాల మీద, రాయి పేలిపోయే ‘రాక్‌బరస్ట్’ల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు... ఇవి ఏ ఒక్క కంపెనీ వల్లా అయ్యేవి కావు. న్యుమోనియా టీకాను తొలిసారి పెద్దఎత్తున పరీక్షించింది కూడా రాండ్ గనుల్లోనే. 1911లో ఆల్మ్‌రాత్ రైట్‌ను లండన్ నుంచి రప్పించారు. ఉష్ణమండలం నుంచి తెచ్చిన కూలీలు న్యుమోనియాతో పిట్టల్లా రాలిపోతుంటే, 1913లో ప్రభుత్వం 22 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన కూలీల సేకరణనే నిషేధించాల్సి వచ్చింది. టీకా మీద ఆశతోబాటు ఆ నిషేధం ఎత్తేయించుకోవాలన్న ఆత్రమూ ఉంది. 1930ల్లో ఎత్తేశారు.

1970లో దక్షిణాఫ్రికా వెయ్యి టన్నుల బంగారం తవ్వింది. ఇంకే దేశమూ దరిదాపుల్లో లేదు. ఇప్పుడది వంద టన్నుల చుట్టూ తిరుగుతోంది. ఛాంబర్ సభ్యుల్లో బంగారం వాళ్ల మాట తగ్గి, ప్లాటినం, బొగ్గు, ఇనుప ఖనిజం వాళ్లది పెరిగింది.

ఊపిరితిత్తుల్లో గని

రాయిని పొడిగా డ్రిల్లు వేస్తే లేచే సన్నటి ధూళిలో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. దాని పేరు సిలికోసిస్. మందు లేదు. దానికి తోడు క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. మన గ్రానైట్ క్వారీల్లో, రాళ్లు పొడిచేసే మిల్లుల్లో లేచే ధూళిలోనూ ఉన్నది అదే సిలికా.

ఇది ఎవరికీ తెలియని రోగం కాదు. 1902లోనే ప్రభుత్వం దీనిమీద కమిషన్ వేసింది. 1912లో పరిహార చట్టం వచ్చింది. 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిలికోసిస్ సదస్సు జరిగింది జోహానెస్‌బర్గ్‌లోనే, ఛాంబర్ అండతోనే. సిలికోసిస్ మీద ప్రపంచానికి పాఠాలు చెప్పే స్థాయి వాళ్లది. రాండ్‌లో రోగం అదుపులోకి వచ్చిందని లోకమంతా నమ్మింది. ఎలా? లెక్కలో చూపింది తెల్ల కార్మికులను. నల్ల కార్మికుడు ఒప్పందం ముగియగానే ఊరికి వెళ్లిపోతాడు. రోగం బయటపడేది పదీ పదిహేనేళ్లకు. అప్పటికి అతను లెసోతో కొండల్లోనో ఈస్టర్న్ కేప్ పల్లెలోనో దగ్గుతూ ఉంటాడు. ఎక్స్‌రే యంత్రానికి వంద మైళ్ల దూరం. వలస కూలి పద్ధతి కూలినే కాదు, రోగాన్నీ గని లెక్కల్లోంచి తప్పించింది. తెల్లవాళ్లకు పింఛను, నల్లవాళ్లకు ఒకేసారి కొంత మొత్తం అన్న తేడా చట్టంలోంచి పోయింది 1993లో.

1994లో వేసిన లియాన్ కమిషన్ గని ప్రమాదాలను లెక్కకట్టింది. 1900 నుంచి 1993 దాకా 69 వేలమందికి పైగా చనిపోయారు. పదిలక్షల మందికి పైగా తీవ్రంగా గాయపడ్డారు. ఇవి కేవలం ప్రమాదాలు. ధూళితో పోయినవాళ్లు ఇందులో లేరు. 1997లో సత్య శోధన కమిషన్ వ్యాపారవర్గాల వాంగ్మూలాలు విన్నది. చౌక కూలీ వ్యవస్థలో తన పాత్రను ఛాంబర్ సూటిగా ఒప్పుకోలేదని ఆ కమిషన్ తన నివేదికలో తప్పుబట్టింది.

కోర్టుల్లో దారి తెరుచుకుంది 2011లో. 1979 నుంచి 1995 దాకా గనిలో పనిచేసి రోగం తెచ్చుకున్న ఒక కార్మికుడికి చట్టం ప్రకారం దక్కిన పరిహారం 16,320 ర్యాండ్లు. ఆ చట్టం కింద సొమ్ము ముట్టింది కాబట్టి కంపెనీ మీద దావా కుదరదన్నారు. కుదురుతుందని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. తీర్పు వినడానికి ఆయన లేడు. కొద్దిరోజుల ముందే కన్నుమూశాడు. 2016లో హైకోర్టు కార్మికులందరి తరఫున ఉమ్మడి దావాకు అనుమతిచ్చింది. 2018 మేలో ఆరు కంపెనీలు రాజీకి వచ్చాయి. 500 కోట్ల ర్యాండ్లు. 2019 జులైలో కోర్టు ఆమోదించింది. సొమ్ము పంచడానికి త్షియామిసో ట్రస్టు ఏర్పడింది. రోగ తీవ్రతను బట్టి ఒక్కొక్కరికి పదివేల నుంచి ఐదు లక్షల ర్యాండ్ల దాకా.

రాజీ కుదిరిన ఆ మే నెలలోనే గనుల ఛాంబర్ మినరల్స్ కౌన్సిల్‌గా పేరు మార్చుకోవడం యాదృచ్ఛికమే అనుకుందాం. పాత పేరుకు ఉన్న చరిత్ర బరువు గురించి వాళ్లూ దాచుకోలేదు.

ఇప్పుడేం చేస్తోంది?

కౌన్సిల్ పని ఇప్పుడు చాలావరకు మన దగ్గర ఏ పరిశ్రమ సంఘమైనా చేసేదే. కరెంటు కోతలు, గూడ్సు రైళ్ల ఆలస్యాలు, లైసెన్సుల జాప్యం మీద ప్రభుత్వంతో మాట్లాడటం, కాదంటే కోర్టుకెళ్లడం. నల్లజాతివారికి వాటాల గురించి 2017, 2018ల్లో తెచ్చిన గనుల ఛార్టర్ మీద పోరాడింది. ఛార్టర్ విధానమేగానీ చట్టం కాదని 2021లో హైకోర్టు తేల్చింది. ఆ ఏడాదే తొలిసారి ఒక మహిళ, నొలితా ఫకూడె, దాని అధ్యక్షురాలయ్యారు. బంగారం, బొగ్గు కంపెనీల తరఫున ఒకే బల్ల మీద యూనియన్లతో వేతన చర్చలు జరిపిన సంప్రదాయమూ దానిదే. ప్లాటినం కంపెనీలు మాత్రం ఎవరికి వారే మాట్లాడుకునేవి. 2012 ఆగస్టులో పోలీసు కాల్పుల్లో 34 మంది చనిపోయిన మరికానా ప్లాటినం గనిదే. ఉమ్మడి బల్ల ఉండుంటే అది జరిగేది కాదని అనలేంగానీ, ఆ బల్ల లేని చోటే జరిగిందన్నది నిజం.

భద్రతలో వచ్చిన మార్పును మాత్రం ఒప్పుకోవాలి. 1993లో గనుల్లో 615 మంది చనిపోతే 2024లో 42 మంది. గనులు తగ్గాయి, పనివాళ్లూ తగ్గారు, నిజమే. కానీ 1996 భద్రతా చట్టం, యూనియన్ల నిఘా, కంపెనీలు ప్రమాదాల వివరాలను మళ్లీ ఒకరికొకరు చూపించుకోవడం కూడా కారణాలే. కూలి తొక్కిపెట్టడానికి పనికొచ్చిన ఐకమత్యం ప్రాణాలు కాపాడటానికీ పనికొచ్చింది.

మన దేశంలోనూ ఖనిజ పరిశ్రమలకు సమాఖ్య ఉంది. 1966లో ఏర్పడిన ఫిమి. కానీ మన బొగ్గులో సింహభాగం ప్రభుత్వ సంస్థలదే. సింగరేణిలో జీతం తేలేది జాతీయ బొగ్గు వేతన ఒప్పందంతో. యూనియన్ నాయకులు చర్చలకు కూర్చునేది ప్రభుత్వ కంపెనీల అధికారులతో. ప్రైవేటు గనులన్నీ ఒక్కటై కూలికి గీత గీసే పరిస్థితి ఇక్కడ ఆ స్థాయిలో రాలేదు.

ఇక ఆ ట్రస్టు సంగతి. 1965 మార్చి 12 తర్వాత ఆ కంపెనీల బంగారు గనుల్లో పనిచేసినవాళ్లే అర్హులు. అంతకుముందు మానేసినవాళ్లకు ఏమీ రాదు. చనిపోయినవాళ్ల తరఫున భార్యాబిడ్డలు అడగొచ్చుగానీ, ఏ గనిలో ఎన్నేళ్లు చేశాడో చెప్పాలి, ఏ రోగంతో పోయాడో కాగితం చూపాలి. యాభై ఏళ్లనాటి కాగితం పల్లెటూళ్లో ఎవరి దగ్గరుంటుంది? ఉన్నది ఒక్కచోటే. వెనేలా, నేటివ్ రిక్రూటింగ్ కార్పొరేషన్లను 1977లో కలిపి ‘టెబా’ అన్నారు. తర్వాత అది ఛాంబర్ నుంచి విడిపోయింది. వేలిముద్ర వేయించుకుని రైలెక్కించిన ప్రతి మనిషి పేరు, ఊరు, గని నెంబరు ఆ రిజిస్టర్లలో ఉన్నాయి. ట్రస్టు ఇప్పుడు పాత కార్మికులను వెతుకుతున్నది ఆ పుస్తకాల్లోనే. దరఖాస్తులు తీసుకునేదీ చాలాచోట్ల టెబా ఆఫీసుల్లోనే. అప్పుడెప్పుడో ఇరవయ్యేళ్ల వయసులో ఒప్పందం మీద వేలిముద్ర వేసిన చోటికే వెళ్లి, ఆ ముసలాయన ఇప్పుడు దగ్గుకుంటూ వరుసలో నిలబడుతున్నాడు.